లేజర్ పోయిందని ఫోన్ చేసే ముందు

మా ఫ్లో సైటోమెట్రీ గదికి (రంగులు అంటించిన కణాలను ఒక్కొక్కటిగా లేజర్ల ముందు పారించి, వాటి వెలుగు కొలిచే గది) వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి.

"అక్కా, లేజర్ పోయినట్టుంది. జర వస్తరా?"

"ఎఫ్‌ఎస్‌సీ, ఎస్‌ఎస్‌సీ వస్తున్నాయా?"

"అవి వస్తున్నయక్కా. రంగులే తక్కువొస్తున్నయి."

"అయితే నీలి లేజర్ బతికే ఉంది. ఆ ట్యూబ్ తీసేసి బీడ్స్ పెట్టు. వస్తున్నా."

మా అనలైజర్‌లో ఫార్వర్డ్ స్కాటర్ (ఎఫ్‌ఎస్‌సీ, కణం ముందుకు చెదరగొట్టే వెలుతురు), సైడ్ స్కాటర్ (ఎస్‌ఎస్‌సీ, పక్కకు చెదరగొట్టేది) రెండూ 488 నానోమీటర్ల నీలి లేజర్ వెలుతురు నుంచే వస్తాయి. అది ఆరిపోతే రంగులు తగ్గడం కాదు, తెర మీద ఒక్క చుక్క కూడా పడదు. పీహెచ్‌డీ మూడో ఏడాదిలో ఉన్నవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. పొద్దున్నుంచీ నిలబడి స్టెయిన్ చేసిన శాంపిల్ చేతిలో ఉండి, బుక్ చేసుకున్న స్లాట్ అయిపోవస్తుంటే ఎవరికైనా బుర్ర పనిచేయదు. అప్పుడు నోటికొచ్చేది గదిలో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు పేరే.

నేను ఈ పనిలోకి నగరంలో ఒక ఆసుపత్రి ల్యాబ్ నుంచి వచ్చాను. అక్కడ పొద్దున లేస్తే సీడీ4 కౌంట్లు (రక్తంలో ఒక రకం రోగనిరోధక కణాల లెక్క), మధ్యాహ్నం లుకేమియా ప్యానెళ్లు (ఒకే పరీక్షలో కలిపి వాడే రంగుల జట్లు). ఇప్పుడు అల్వాల్ నుంచి రాజీవ్ రహదారి పట్టుకుని శామీర్‌పేట అవతల ఒక పరిశోధన సంస్థకు వెళ్తున్నాను. కణాలను కొలిచే ఒక అనలైజర్, కావలసినవాటిని వేరుచేసే ఒక సార్టర్, వాటిని వాడుకునే నానా రకాల పిల్లలు నా సంసారం. ఇన్నేళ్లలో నేను గట్టిగా నమ్మేది ఒకటే: మెషిన్ ఎక్కడ చెడిందో మెషినే చెబుతుంది, కానీ దాన్ని బీడ్స్‌తో అడగాలి. సెల్స్‌తో అడిగితే సెల్స్ సంగతి, యాంటీబాడీ సంగతి, మన చేతివాటం సంగతి అన్నీ కలిపి చెబుతుంది.

బీడ్స్ అంటే ఎంత వెలుగు ఇవ్వాలో ముందే తెలిసిన ప్లాస్టిక్ గోళీలు. ఇవాళ వాటి పీక్ (గ్రాఫులో గుట్టలా లేచే చోటు) ఎక్కడ పడింది, ఎంత సన్నగా పడింది, నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడా ఉంది? ఇవి చూస్తే సగం రోగం దొరుకుతుంది. ఒక్క డిటెక్టరే తగ్గిందా? ఆ డిటెక్టర్ ముందున్న ఫిల్టర్ చూడాలి, తర్వాత ఆ పీఎంటీ (వెలుతురును కరెంటుగా మార్చే గొట్టం) చూడాలి. ఎర్ర లేజర్ మీదున్న డిటెక్టర్లన్నీ ఒకేసారి తగ్గి, నీలం మీదున్నవి బాగున్నాయా? అప్పుడు ఎర్ర లేజర్ దారిని అనుమానించాలి. అన్నీ తగ్గి, అన్ని పీకులూ లావెక్కాయా? ఫ్లో సెల్ (కణాలు లేజర్ల ముందు పారే సన్నని దారి) మురికయిందో, లోపల గాలి బుడగ కూర్చుందో అయివుంటుంది. అన్ని లేజర్లూ ఒకే పొద్దున కూడబలుక్కుని పాడవవు. బీడ్స్ అన్ని చోట్లా సరిగ్గా పడితే మాత్రం ఇంకేం మాట్లాడొద్దు, శాంపిల్ వైపు తిరగండి.

పోయిన వేసవిలో వచ్చిన ఒక ఫిర్యాదు గురించి వివరంగా రాస్తాను. ఇది పుస్తకం చదివితే అర్థమయ్యే రకం కాదు, ఒకసారి కళ్లారా చూడాల్సిన రకం.

మే నెల. బయట ఎండ 40 దాటింది. సీడీ3 యాంటీబాడీని ఫిట్‌సీ రంగులో (నీలి లేజర్‌కి వెలిగేది), సీడీ8 యాంటీబాడీని ఏపీసీ రంగులో (ఎర్ర లేజర్‌కి వెలిగేది) పెట్టుకున్న అమ్మాయి వచ్చింది. ఫిట్‌సీ చక్కగా ఉంది. ఏపీసీ సగానికి సగం పడిపోయింది, పీక్ అటూ ఇటూ సాగిపోయింది. యాంటీబాడీ వయల్ కొత్తది. సహజంగానే ఎర్ర లేజర్ మీద అనుమానం. బీడ్స్ పెట్టాం. నీలం డిటెక్టర్లన్నీ నిన్నటి చోటే ఉన్నాయి. ఎర్రవి తగ్గాయి. అక్కడితో ఆగివుంటే ఇంజనీర్‌కి ఫోన్ చేసేవాళ్లమే. 405 నానోమీటర్ల ఊదా లేజర్ మీదున్నవి కూడా చూడమన్నాను. ఆ అమ్మాయి ప్యానెల్‌లో ఊదా రంగులు లేవు కాబట్టి చూడలేదు. అవీ తగ్గాయి. ఇంకా గమ్మత్తు ఏమిటంటే, ఒకే బీడ్స్ ట్యూబ్ రెండుసార్లు నడిపితే రెండుసార్లూ రెండు రకాలుగా పడ్డాయి.

ఇది లేజర్ల జబ్బు కాదు, కాలం జబ్బు. కణం ముందు ఒక లేజర్ ముందు నుంచి, కొన్ని మైక్రోసెకన్ల తర్వాత ఇంకో లేజర్ ముందు నుంచి వెళ్తుంది. మా మెషిన్‌లో నీలం లెక్కకు మూలం, దాని ఆలస్యం సున్నా. మిగతా రెండింటికీ ఎంతసేపు ఆగి చూడాలో ఎలక్ట్రానిక్స్‌కి ముందే చెప్పి ఉంటుంది. దాన్నే లేజర్ డిలే అంటాం. షీత్ (కణాలను మోసుకెళ్లే ద్రవం) వేగం మారితే కణం వచ్చే వేళ మారుతుంది, ఎలక్ట్రానిక్స్ మాత్రం పాత వేళకే కళ్లు తెరుస్తుంది. తార్నాక స్టాపులో బస్సు రెండు నిమిషాలు ముందే వచ్చి వెళ్లిపోతే, టైముకి వచ్చినవాడు ఇవాళ బస్సే లేదంటాడు, ఇదీ అంతే. ఎర్ర లేజర్ పూర్తి వెలుగుతో మండుతూనే ఉంటుంది, కణం కూడా మెరిసే వెళ్తుంది. మనం చూసే కిటికీలో ఆ మెరుపు అంచు మాత్రమే పడుతుంది.

వేగం ఎందుకు మారిందన్నది అసలు ప్రశ్న. ముందు రోజు సాయంత్రం ఎవరో షీత్ ట్యాంకు అడుగంటేదాకా నడిపారు. ఎర్ర లైటు వెలిగాక కొత్త డబ్బా తెచ్చి పోశారు కానీ, షీత్ ఫిల్టర్‌లో చేరిన గాలి తీయలేదు. ఫిల్టర్ లోపల గాలి ఉంటే అది నొక్కుకుపోతుంది, సాగుతుంది, ప్రెషర్ నిలకడగా ఉండదు. అందుకే రెండు రన్‌లు రెండు రకాలుగా వచ్చాయి. పైగా ఆ డబ్బా ఏసీ లేని వరండాలోంచి తెచ్చింది, చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. వెచ్చని ద్రవం పలుచన, అదే ప్రెషర్‌కి ఎక్కువ వేగంగా పారుతుంది. ఫిల్టర్ పైనున్న బిరడా వదులు చేసి, బుడగలు ఆగేదాకా గాలి వదిలాం. గది చల్లదనానికి షీత్ వచ్చేదాకా ఆగాం. మళ్లీ బీడ్స్ పెడితే మూడు లేజర్ల పీకులూ వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. ఒక్క స్పేర్ పార్ట్ మార్చలేదు.

డిలేని సాఫ్ట్‌వేర్‌లో తిప్పి ఏపీసీని పైకి తెచ్చుకోవచ్చు కదా అని ఆ అమ్మాయి అడిగింది. తేవచ్చు. మధ్యాహ్నం ఏసీ గది చల్లబరిచేసరికి అది మళ్లీ తప్పవుతుంది, సాయంత్రం స్లాట్‌వాడు ఇంకో ఫోన్ చేస్తాడు. కారణం దొరికాక కూడా తేడా మిగిలితే అప్పుడు తిప్పాలి.

అప్పటి నుంచీ షీత్ డబ్బాలు మెషిన్ గదిలోనే ఉంటున్నాయి. నడవడానికి చోటు లేదని మా అటెండర్ అన్న రోజూ సణుగుతాడు. సణగనీ.

ఇక క్లాగ్, అంటే గొట్టం పూడుకుపోవడం. దీనికి ఫోన్ రాదు, మనిషే పరుగెత్తుకొస్తాడు. ట్యూమర్ నలిపి తెచ్చినవాళ్లు, ఎలుక ప్లీహం తెచ్చినవాళ్లు ముందు వరసలో ఉంటారు. సెకనుకు రెండు వేల ఈవెంట్లు (మెషిన్ లెక్కలోకి వచ్చిన కణాలు) వస్తున్నవి మెల్లగా ఎనిమిది వందలకు, మూడు వందలకు దిగుతాయి. అప్పుడు వాళ్లు చేసే పని ఫ్లో రేటుని లో నుంచి హైకి తిప్పడం. పూడుకుపోతున్న గొట్టంలోకి ఇంకా ఎక్కువ తోస్తే ఏమవుతుంది? ముద్ద గట్టిపడుతుంది.

"ఫిల్టర్ చేసినవా?"

"చేసినక్కా, 40 మైక్రాన్ల జల్లెడలో."

"ఎప్పుడు?"

"నిన్న రాత్రి, ఫిక్స్ చేయకముందు."

ఇక్కడే ఉంది తిరకాసు. చచ్చిన కణాలు పగిలి డీఎన్ఏ బయటికి వదులుతాయి. అది జిగురు, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న కణాలను ఒకదానికొకటి అతికిస్తుంది. నిన్న చేసిన ఫిల్టర్ ఇవాళ్టికి పనికిరాదు. మెషిన్ ముందు కూర్చున్నాక, ట్యూబ్ పెట్టబోయే క్షణంలో వడకట్టాలి. బఫర్‌లో కాల్షియం, మెగ్నీషియం లేకుండా, 2 మిల్లీమోలార్ ఈడీటీఏ (వాటిని పట్టేసుకునే రసాయనం) ఉండాలి. మరీ జిగురుగా ఉంటే ముందు డీఎన్ఏస్ (డీఎన్ఏని ముక్కలు చేసే ఎంజైమ్) వేయాలి, దానికి మెగ్నీషియం కావాలి కాబట్టి ఈడీటీఏ ఆ తర్వాతే. వరస తప్పితే ఎంజైమ్ పనిచేయదు.

పూడుకున్నాక చేసేది పెద్ద విద్యేం కాదు. శాంపిల్ తీసేసి, సన్నగొట్టాన్ని వెనక్కి కడిగి, పదో వంతు బ్లీచ్ హై మీద కొన్ని నిమిషాలు, తర్వాత డిటర్జెంట్, తర్వాత మంచినీళ్లు. చివరి నీళ్ల వంతు మాత్రం ఎవరూ తగ్గించొద్దు. గొట్టంలో మిగిలిన బ్లీచ్ తర్వాతి ట్యూబ్‌లో మొదటి కణాలను చంపుతుంది, రంగులను మాడుస్తుంది, ఎండిపోతే ఉప్పు గడ్డకడుతుంది. ఆ తర్వాత పీఈ అనే రంగు గురించి వచ్చే ఫోన్ "పీఈ తగ్గింది" అని. సన్నని తీగ పెట్టి పొడుద్దామని సలహా ఇచ్చే పెద్దమనిషి ప్రతి సంస్థలో ఒకరుంటారు. ఆయన్ని టీకి పంపించండి.

క్లాగ్‌ని అది రాకముందే చూపించే ప్లాట్ ఒకటుంది, దాన్ని పిల్లలెవరూ తెరవరు. అడ్డంగా టైమ్, నిలువుగా ఏదైనా ఒక రంగు. అంతా బాగుంటే ఆ పట్టీ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకే ఎత్తులో సాగుతుంది. మధ్యలో ఖాళీ వచ్చిందంటే బుడగ వెళ్లింది. పట్టీ మెల్లగా వాలిందంటే ప్రెషరో వేగమో జారుతోంది. మొదట్లో మెట్టులా ఉండి తర్వాత సర్దుకుంటే, ఫ్లో నిలకడపడకముందే రికార్డు బటన్ నొక్కారు. ముందు మనిషి శాంపిల్ మిగిలి ఉన్నా మొదటి సెకన్లలోనే కనిపిస్తుంది. అమ్మకానికి వచ్చిన ప్రతి కొత్త విశ్లేషణ సాఫ్ట్‌వేర్ గురించి గంటలు మాట్లాడేవాళ్లు, ఉచితంగా దొరికే ఈ టైమ్ అక్షాన్ని ఎందుకు చూడరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అసలు ఈవెంట్లే రావడం లేదంటే గొడవ చిన్నది. షీత్ ఉందా, వేస్ట్ నిండిందా, ట్యాంకు మూత సరిగ్గా బిగిసిందా అని చూస్తే చాలు. ఎవరైనా థ్రెషోల్డ్ (ఇంతకన్నా చిన్న సిగ్నల్ లెక్కపెట్టొద్దనే హద్దు) పైకి పెట్టి వదిలేశారేమో చూడాలి. మాది ట్యూబ్‌లోకి గాలి ఒత్తి శాంపిల్‌ని పైకి నెట్టే రకం కాబట్టి, 12×75 మిల్లీమీటర్ల ట్యూబ్ అంచున వెంట్రుకంత పగులున్నా ఒత్తిడి నిలవదు. ఫోన్ టార్చి వేసి చూస్తే కనిపిస్తుంది. మార్చి నెలాఖరు కొనుగోళ్లలో ఎవరో చవగ్గా వచ్చాయని వేరే ట్యూబులు తెప్పిస్తారు, మూతి కొలత పిసరంత తేడా ఉంటుంది, ఏప్రిల్ అంతా నేను "ఈవెంట్లు రావట్లేదు" వింటాను.

సెల్ సైకిల్ (కణం విభజనలో ఏ దశలో ఉందో డీఎన్ఏని బట్టి చూడటం) చేసేవాళ్లకు ఒక మాట. హై మీద నడిపితే శాంపిల్ ధార లావవుతుంది, కణాలు లేజర్ నడిమధ్య నుంచి కాక పక్కల నుంచి కూడా వెళ్తాయి, జీ1 పీక్ (డీఎన్ఏ ఇంకా రెట్టింపు కాని కణాలది) వెడల్పవుతుంది. అది అలైన్‌మెంట్ చెడిపోవడం కాదు. లో మీద పెట్టి, ఓపిక పట్టండి.

నీళ్ల గురించి రాయకపోతే ఇది హైదరాబాద్ బ్లాగే కాదు. ఏప్రిల్ వచ్చిందంటే మాకు ట్యాంకర్లు మొదలవుతాయి. గ్రానైటు నేల బోరు నీళ్లు, గిన్నె అడుగున తెల్లగా పేరుకునే రకం. ఆర్‌వో కార్ట్రిడ్జ్ ఆ నెలల్లో తొందరగా అరిగిపోతుంది. నీళ్ల యంత్రం మీటరు 18.2 మెగాఓమ్ (పూర్తిగా శుద్ధమైన నీళ్ల అంకె) దగ్గర నిలబడితే సరే, లేకపోతే ఆ నీళ్లతో సొంతంగా షీత్ కలుపుకోవద్దు. మా దగ్గర ఒక వేసవిలో సన్నని కణాల్లాంటి చెత్త ప్రతి శాంపిల్‌లోనూ ఎడమ మూలలో గుట్టగా పడింది. ఎక్సోసోములు (కణాలు బయటికి వదిలే అతిచిన్న సంచులు) దొరికాయని ఒకబ్బాయి సంబరపడ్డాడు కూడా. ఖాళీ నీళ్ల ట్యూబ్ పెట్టి చూస్తే అందులోనూ అదే గుట్ట. షీత్ ట్యాంకులో పాచి పట్టింది, 0.2 మైక్రాన్ల ఫిల్టర్ గడువు దాటి ఉంది. ట్యాంకు కడిగి, ఫిల్టర్ మార్చాక గుట్ట పోయింది, సంబరం కూడా పోయింది. ఏ శాంపిల్‌కి ముందైనా నీళ్ల ట్యూబ్ ఒకటి నడిపి సెకనుకు ఎన్ని ఈవెంట్లు వస్తున్నాయో రాసిపెట్టుకునే అలవాటు అప్పుడు మొదలైంది.

కరెంటు సంగతి కొంచెం. యూపీఎస్ ఉంది కాబట్టి జనరేటర్‌కి మారేటప్పుడు మెషిన్ ఆగదు. ఏసీకి మాత్రం యూపీఎస్ ఉండదు. కరెంటు వచ్చి పోయిన రోజు మెషిన్ పనిచేస్తూనే ఉంటుంది, గది వేడెక్కుతుంది, పైన చెప్పిన డిలే కథ మళ్లీ మొదలవుతుంది.

మెషిన్‌ని తిట్టించే రంగుల్లో మొదటిది పీఈ-సై7. ఇది జంట రంగు. పీఈ వెలుతురు తీసుకుని పక్కనున్న సై7కి అందిస్తుంది. ఆ జంట విడిపోతే పీఈ ఆ వెలుగును తానే బయటికి వదిలేస్తుంది, దాంతో పీఈ డిటెక్టర్‌లో లేని కణాలు ప్రత్యక్షమవుతాయి. వెలుతురు, వేడి, ఎక్కువసేపు ఫిక్సేటివ్‌లో ఉంచడం, ఇవి చాలు విడగొట్టడానికి. ఒకసారి అలాంటి వయల్ కొరియర్ పెట్టెలో శని, ఆదివారాలు సెక్యూరిటీ గదిలో ఉండిపోయింది. సోమవారానికి ఐస్ ప్యాకులు నీళ్లయ్యాయి. మెషిన్ కాంపెన్సేషన్ (ఒక రంగు వెలుగు ఇంకో డిటెక్టర్‌లోకి ఒలికితే తీసేసే లెక్క) తప్పు చేస్తోందని పెద్ద మెయిల్ వచ్చింది, పైవాళ్లందరికీ కాపీలు పెట్టి మరీ. ఆ ఒక్క రంగే వేసిన ట్యూబ్, పాత వయల్‌తో ఒకటి, కొత్త వయల్‌తో ఒకటి నడిపి రెండు ప్లాట్లు పక్కపక్కన పెట్టి జవాబిచ్చాను. దానికి ఎవరూ కాపీలు పెట్టలేదు.

ఫిల్టర్ల మాట కూడా ఇక్కడే. సార్టర్‌లో ఎవరో ఎమ్‌చెర్రీ (ఎర్రగా వెలిగే ప్రోటీన్) కోసం 610/20 ఫిల్టర్ పెట్టుకుని పని అయ్యాక పాతది తిరిగి పెట్టకపోతే, మర్నాడు పీఈ వాడికి డిటెక్టర్ చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. మూత తీసి, ఫిల్టర్ అంచు మీద అంకె చదివితే అర నిమిషంలో తేలే వ్యవహారం. వేళ్లతో అద్దం ముట్టుకోకండి, అంచులు పట్టుకోండి.

సార్టర్ తిప్పలు వేరే జాతివి. 70 మైక్రాన్ల నాజిల్‌తో, 70 పీఎస్‌ఐ ఒత్తిడి దగ్గర మా యంత్రం సెకనుకు దాదాపు 87 వేల బొట్లు విడగొడుతుంది. కణం లేజర్ దాటాక ఎంతసేపటికి బొట్టుగా విడిపోతుందో అదే డ్రాప్ డిలే. అది పిసరు తప్పినా, బొట్టును పక్కకు లాగే విద్యుత్ ఛార్జ్ కణమున్న బొట్టుకి కాక దాని పక్కదానికి పడుతుంది. తెర మీద రెండు లక్షల కణాలు సార్ట్ అయినట్టు లెక్క ఉంటుంది, ట్యూబ్‌లో సెంట్రిఫ్యూజ్ చేస్తే అడుగున ఏమీ ఉండదు. డిలే సరిగ్గానే ఉంటే ఇంకో రెండు చూడాలి. ధార ట్యూబ్ గోడకు కొడుతోందా? సీరం పూయని పొడి గోడకు కణాలు అంటుకుని ఎండిపోయాయా? తలుపు తీసి ఉంచి ఫోన్లో మాట్లాడేవాళ్ల వల్ల గది వేడెక్కి బొట్టు విడిపోయే చోటు జరగడం నేను కెమెరాలో చూశాను. సార్టింగ్ నడుస్తుంటే తలుపు మూసే ఉంచండి, దండం పెడతాను.

సార్ట్ చేసినదాంట్లోంచి కొంచెం తీసి మళ్లీ నడిపి చూడండి అంటే కణాలు వృథా అని బాధపడతారు. ఈ యంత్రం పుట్టిందే ఆ పనికి. అమెరికాలో లాస్ అలమోస్‌లో మ్యాక్ ఫుల్వైలర్ అనే శాస్త్రవేత్త‌కి ఎర్ర రక్తకణాల పరిమాణం కొలిస్తే రెండు పీకులు కనిపించాయి. అవి నిజంగా రెండు జాతులా, లేక కొలిచే పరికరం చేసే మాయా అని తేల్చడానికే ఇంక్‌జెట్ ప్రింటర్ పద్ధతిని అరువు తెచ్చుకుని, బొట్లుగా విడదీసి వేరుచేసే యంత్రం కట్టాడు. 1965లో దాన్ని ప్రచురించాడు. వేరుచేసినవాటిని మళ్లీ కొలిస్తే మళ్లీ రెండు పీకులే వచ్చాయి. కణాలు కొలిచే పరికరం రంధ్రంలోంచి అడ్డంగా పోతున్నాయా, నిలువుగా పోతున్నాయా అన్నదాన్ని బట్టి వచ్చిన తేడా అది. మొట్టమొదటి సెల్ సార్టర్ కట్టింది పరికరం మీద అనుమానం తీర్చుకోవడానికన్నమాట. మీ ఒక్క శాతం కణాలకు అంత బాధపడకండి.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే ఇంజనీర్‌ని పిలుద్దాం, నాకేం పంతం లేదు. ఫ్లో సెల్ మురికి వదలకపోతే, బీడ్స్ పీక్ పాత చోటే పడాలని ఒక లేజర్ మీది డిటెక్టర్లన్నిటికీ వారం వారం వోల్టేజ్ పెంచుకుంటూ పోవాల్సి వస్తుంటే, అది మన చేతిలోది కాదు. ఆయన రాగానే అడిగేది క్యూసీ గ్రాఫులే (రోజూ బీడ్స్ నడిపిన రికార్డు), కాబట్టి పొద్దున బీడ్స్ నడపకుండా సరాసరి శాంపిల్ పెట్టేసేవాళ్ల మీద నాకు కోపం రావడంలో న్యాయం ఉంది.

నాకు వాట్సాప్ చేసేటప్పుడు తెరకి వంకరగా తీసిన ఫొటో పంపొద్దు, అందులో సీలింగు ఫ్యాన్ తప్ప ఏమీ కనిపించదు. శాంపిల్ ఎఫ్‌సీఎస్ ఫైలు (మెషిన్ దాచే డేటా ఫైలు), అదే రోజు బీడ్స్ ఎఫ్‌సీఎస్ ఫైలు, ఏ ఫ్లో రేటు మీద నడిపారు, మీకంటే ముందు స్లాట్‌లో ఎవరు ఏ శాంపిల్ నడిపారు, ఇవి పంపండి. ఆదివారమైనా చూస్తాను. ముందు స్లాట్ వివరాలు మెషిన్ పక్కన నీలం అట్ట రిజిస్టర్‌లో ఉంటాయి, రాసి ఉంటే.